సెటిల్‌మెంట్ బ్యాచ్‌లు లోపల అసలు ఎలా నడుస్తాయి? తెలిసినవాళ్ళు చెప్పండి

కాలవగట్టు:

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం చుట్టుపక్కల పల్లె. మా పిన్ని కొడుకు డిగ్రీ మధ్యలో మానేసి కొన్నాళ్ళుగా టౌన్లో ఒక 'అన్న' వెనకాల తిరుగుతున్నాడు. ఆ అన్న ఆఫీసు బోర్డు మీద ఫైనాన్స్ అని ఉంటుంది గానీ చేసేవి చాలా ఉన్నాయి. స్థలాల తగాదాల్లో సెటిల్‌మెంట్లు, సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన గుండాట (పాచికల జూదం) బోర్డులు, ఐపీఎల్ మొదలైతే బెట్టింగ్, ఎలక్షన్లొస్తే ఎవరు పిలిస్తే వాళ్ళ జెండా. మావాడికి బుల్లెట్ బండి వచ్చింది, మెడలో గొలుసు వచ్చింది (రోల్డ్ గోల్డే, మా పిన్ని పట్టుకు చూసింది), అన్న పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆఖరి వరసలో స్టాంపు సైజు ఫొటో కూడా వచ్చింది. నెలకెంత ఇస్తార్రా అంటే "అన్న చూసుకుంటాడు" అంటాడు తప్ప అంకె చెప్పడు.

మా బాబాయి తిట్టాడు, చెయ్యి చేసుకున్నాడు, ఇంట్లోంచి పొమ్మన్నాడు, ఏదీ పనిచెయ్యలేదు. నాతో మాత్రం కాస్త మాట్లాడతాడు. వాడితో మాట్లాడాలంటే ముందు నాకు అర్థం కావాలి కదండీ. డబ్బు ఎక్కడ పుడుతుంది, ఎవడి వాటా ఎంత, నచ్చకపోతే బయటికి ఎందుకు రాలేరు? సినిమా కబుర్లూ నీతులూ వద్దు, దగ్గర్నుంచి చూసినవాళ్ళు చెబితే మేలు.

పాత కలెక్షన్:

నేను చేశానండీ ఈ పని, పెళ్ళికి ముందు, తణుకు వైపు. ఇప్పుడు వేరే ఊళ్ళో సెల్ షాపు. పేర్లు అడక్కండి, పద్ధతి చెప్తాను.

ముందు డబ్బు సంగతి. రోజువారీ ఫైనాన్స్ అంటే పదివేలు రాసుకుని చేతికి ఎనిమిదిన్నర వేలు ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. టిఫిన్ బండి ఆయనకి, చేపలమ్మే ఆవిడకి ఇది "రోజుకి వందే కదా" అనిపిస్తుంది. కానీ కట్టేకొద్దీ అసలు తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి సరిగ్గా లెక్కేస్తే ఏడాదికి దాదాపు 120 శాతం పడుతుంది, మన భాషలో నూటికి నెలకి దాదాపు పది రూపాయల వడ్డీ. అట్టకార్డు మీద వంద గళ్ళు ఉంటాయి, కట్టినరోజు గడిలో మనం పొట్టి సంతకం పెట్టాలి. ఇచ్చేటప్పుడే ఖాళీ ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం, ఖాతా ఉన్నవాళ్ళయితే ఖాళీ చెక్కు కూడా.

కట్టకపోతే కొడతారనుకుంటారు అందరూ. కొట్టడం చాలా తక్కువండీ, కొడితే కేసు, కేసంటే ఖర్చు, పైగా వాడు మంచం ఎక్కితే రేపటి వంద ఎవరిస్తారు? మేం చేసేదల్లా పొద్దున్నే ఇడ్లీలు దిగే టైముకి ఇద్దరం వెళ్ళి బండి పక్కన నిలబడ్డం, అంతే. ఏమీ అనం. బండి స్టాండేసి ఫోన్ చూసుకుంటూ ఉంటాం. ప్లేటు పట్టుకున్నవాడు మావైపు ఒకసారి చూసి పార్సిల్ కట్టించుకుని పోతాడు, కొత్తవాడు ఆగడు. అరగంటకి ఆయనే పక్క కొట్టు దగ్గర అప్పుచేసి తెచ్చి ఇచ్చేవాడు. ఆ అరగంటా ఆయన మా మొహం చూసేవాడు కాదు, చట్నీ గిన్నె తుడుస్తూ ఉండేవాడు, తుడిచిందే తుడుస్తూ.

ఇక వాటాలు. పైన అన్న, ఆయన కింద లెక్కలు చూసే ఒకడు (సాధారణంగా బావమరిదో మేనల్లుడో, డబ్బు దగ్గర బయటివాణ్ణి పెట్టరు), తర్వాత కలెక్షన్ కుర్రాళ్ళు నలుగురైదుగురు, అందరికంటే కింద మీ తమ్ముడిలాంటివాళ్ళు. వీళ్ళ పని వెనకాల నిలబడ్డం. స్థలం దగ్గరకి వెళ్తే పదిమంది కనపడాలి, ఫంక్షన్‌కి వెళ్తే నాలుగు బళ్ళు ముందు వెళ్ళాలి. వీళ్ళకి జీతం ఉండదు. పెట్రోలు, బిర్యానీ, రాత్రికి మందు, పండక్కి బట్టలు, అవసరం చెబితే రెండువేలో మూడువేలో చేతిలో పెట్టడం. అంకె ఎందుకు చెప్పడంటే అంకె లేదు కాబట్టి. నెల మొత్తం కూడితే మా ఊరి రొయ్యల ప్లాంటులో ప్యాకింగ్ చేసే ఆడవాళ్ళకి వచ్చినంత కూడా రాదు, కానీ రోజూ జేబులో ఏదోకటి ఉంటుంది, రోడ్డు మీద జనం పక్కకి జరుగుతారు. ఇరవై ఏళ్ళవాడికి ఆ రెండోది చాలా ఎక్కువండీ, దాన్ని తక్కువ చెయ్యకండి.

బుల్లెట్ అన్నారు కదా, ఆ బండి ఆర్సీ ఎవరి పేరున ఉందో చూడండి ముందు.

లంక మేష్టారు:

పై సోదరుడు చెప్పినదానికి లెక్కలతో సహా సాక్ష్యం ఉంది. చెన్నైలో పుట్టి అమెరికాలో పెరిగిన సుధీర్ వెంకటేశ్ అనే సామాజిక శాస్త్రవేత్త షికాగోలో కొకైన్ అమ్మే ఒక ముఠాతో ఏళ్ళ తరబడి తిరిగాడు. ఆ ముఠా నాలుగేళ్ళ జమాఖర్చుల పుస్తకాలు ఆయన చేతికొస్తే, స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్తతో కలిసి 2000లో ఆ లెక్కలు అచ్చువేశాడు. నాయకుడికి ఏడాదికి లక్ష డాలర్ల దాకా మిగిలింది. వీధి మూల మీద నిలబడి సరుకమ్మే కుర్రాడికి గంటకి మూడు డాలర్ల చిల్లర, అప్పటి ప్రభుత్వ కనీస వేతనం కన్నా తక్కువ. ఆ నాలుగేళ్ళలో వాడు చచ్చిపోయే అవకాశం నాలుగింట ఒకటి. చాలామంది ఇంకా తల్లి దగ్గరే ఉండేవాళ్ళు, విడిగా అద్దె కట్టుకునే స్తోమత లేక. మరెందుకు ఉన్నారయ్యా అంటే, ఎప్పటికైనా ఆ ఒక్క కుర్చీ నాదవుతుందని. కుర్చీ ఒకటే, కింద వందమంది.

రెండో సంగతి, ఈ అన్నలు అమ్మే సరుకు ఏమిటనేది. దెబ్బలు కాదు, భరోసా. ఇటలీలోని సిసిలీ మాఫియా మీద డీగో గాంబెట్టా అనే ఆయన చేసిన వాదన ఇదే: అది ప్రైవేటు రక్షణ వ్యాపారం, ప్రభుత్వం మీద నమ్మకం లేనిచోట మొలుస్తుంది. మన దగ్గర అన్నదమ్ముల మధ్య అరెకరం చెరువు గొడవ కోర్టుకెక్కితే మనవళ్ళు కూడా వాయిదాలకి తిరుగుతారు. అన్న దగ్గరకెళితే వారంలో తేలుతుంది, న్యాయంగా తేలుతుందని కాదు, తేలుతుంది. అందుకే పెద్దమనుషులు కూడా వెళ్తారు, రాత్రిపూట వెళ్తారు. ఒకసారి వెళ్ళినవాడు ఆ తర్వాత అన్నకి ఎదురు చెప్పలేడు, ఎందుకంటే వాడి రహస్యం కూడా అక్కడే ఉంది.

ఇవ్వనన్నవాడి గతి కూడా చెప్పాలి. అదే సిసిలీలోని పలెర్మోలో లిబెరో గ్రాస్సీ అని బట్టల ఫ్యాక్టరీ ఆయన, మామూళ్ళు కట్టనని 1991 జనవరిలో పేపర్లో బహిరంగంగా రాశాడు. తోటి వ్యాపారులు మెచ్చుకోకపోగా ఊరి పరువు తీస్తున్నావన్నారు. ఆగస్టు 29న ఇంటి దగ్గరే కాల్చేశారు. ఒంటరిగా నిలబడితే అంతే. 2004లో అక్కడి కుర్రాళ్ళు కొందరు కలిసి ఒక ఉద్యమం మొదలుపెట్టి, తర్వాత మామూలు కట్టమన్న షాపులని ఒక జాబితాగా చేసి, జనాన్ని అక్కడే కొనమన్నారు, అప్పుడు కొంత కదిలింది.

పందెం పుంజు:

అన్నీ బాగానే చెప్పారు గానీ సంక్రాంతి బరిని తీసుకొచ్చి ముఠాల్లో కలిపేస్తారేంటండీ. కోడిపందెం మన తాతల నాటిది. అల్లుళ్ళొస్తారు, అమెరికా నుంచి వస్తారు, మూడు రోజులు అందరూ ఆనందంగా ఉంటారు. ఎవడో ఒకడు చెడ్డవాడని పండగనే రౌడీయిజం అంటే ఎలా.

పాత కలెక్షన్:

పుంజు గారూ, పందెం గురించి నేనేమీ అనలేదు, కాలవగట్టు గారు కూడా అనలేదు. కోడి ఎగిరేది కాసేపే. దాని పక్కన గుండాట బోర్డు, కోతముక్క పేకాట, మందు కొట్టు, వీటికి విడిగా వేలంపాట పెడతారు, ఎవడు ఎక్కువ పాడితే వాడికి ఆ మూడు రోజులూ. పాట డబ్బు ముందే కట్టాలి, అంటే పాడినవాడి దగ్గర నగదు ఉండాలి, అది ఫైనాన్స్ డబ్బే. మూడు రోజుల్లో లాగాలి కాబట్టి బోర్డు దగ్గర గొడవ చేసినవాణ్ణి పక్కకి తీసుకెళ్ళడానికి కుర్రాళ్ళు కావాలి. ఆడి ఓడినవాడికి అక్కడికక్కడే అప్పిచ్చి బండి తాళాలు తీసుకునేవాడు ఒకడు కావాలి, నేను చూసినచోట అతనికి టేబులూ కుర్చీ కూడా వేసేవారు. పండగ మీదే, లెక్కలు మావి.

గౌతమి పాయ:

నేను కాస్త పెద్దవాణ్ణి, పాతకాలం మాట ఒకటి. 1995 జనవరిలో రామారావు గారు మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. మధ్యలో ఆ రెండేళ్ళు యానాం అవతల ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలుసు ఏం జరిగిందో. యానాం పుదుచ్చేరిది, అక్కడ మందు ఉంది, ఇటు లేదు. అప్పటికి ఎదుర్లంక వారధి లేదింకా, పంటు మీద దాటాలి. పంటు మీద పోలీసులు చూస్తారు కాబట్టి రాత్రిళ్ళు నావలు. నావవాడికి ట్రిప్పుకింత, ఒడ్డున మోసేవాడికి బస్తాకింత, టార్చి వేసి దారి చూపేవాడికింత. మా ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళు వలలు ఆరేసి ఈ పనికి వెళ్ళారు. నిషేధం ఎత్తేశాక నావలు ఆగాయి గానీ మనుషులూ, వాళ్ళ మధ్య నమ్మకాలూ, చూసీ చూడనట్టు పోయే అలవాటు పడ్డవాళ్ళూ ఎక్కడికి పోతారు? కొందరు ఇసుకలోకి వచ్చారు. ర్యాంపు దగ్గర లారీకింత అని వసూలు చేసిన మొహాల్లో నాకు తెలిసినవి ఉన్నాయి. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా ఉన్న నిషేధం ఎత్తేశాక కూడా ఇంతేనట, దొంగమందు తగ్గింది గానీ బ్యాచ్‌లు ఆగలేదు.

కాబట్టి మీ తమ్ముడి అన్న ఇవాళ ఫైనాన్స్, రేపు ఇంకోటి. వ్యాపారం పేరు చూసి ఇది పరవాలేదు అది కాదు అని అనుకోకండి.

నల్లకోటు:

క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు నాది, జిల్లా పేరు అనవసరం. బయటికి ఎందుకు రాలేరన్న ప్రశ్నకి నా దగ్గరకొచ్చే ఫైళ్ళే జవాబు.

మొదటి కేసు దాకా కుర్రాడు స్వేచ్ఛగా ఉంటాడు. ఎక్కడో తోపులాట, ఎవడి తలో పగిలింది, ఎఫ్ఐఆర్‌లో ఆరు పేర్లుంటాయి. అన్న పేరు ఉండదు, ఆయన ఆ టైముకి ఏదో పెళ్ళిలో వీడియోలో ఉంటాడు. "నువ్వు మీదేసుకో, మిగతాది నేను చూసుకుంటా" అంటారు. నిజంగానే చూసుకుంటారు: లాయరు ఫీజు, ష్యూరిటీలు, బెయిలు, జైల్లో క్యాంటీను డబ్బులు. ఇవన్నీ ఒక పుస్తకంలో రాస్తారు. బయటికొచ్చాక కుర్రాడు ఆ ఖర్చుకి బాకీ. నా ఫీజు నేరుగా కుర్రాడి ఇంటినుంచి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ, వచ్చినచోట ఆ కుర్రాడు మళ్ళీ నా దగ్గరకి రాలేదు. ఇది గమనించండి.

రెండు మూడు కేసులయ్యాక స్టేషన్లో రౌడీ షీటు తెరుస్తారు. ఆదివారం కౌన్సెలింగ్‌కి వెళ్ళాలి, తహసీల్దారు ముందు బైండోవర్, అంటే మంచిగా ఉంటానని పూచీకత్తు రాసివ్వాలి (పాత సీఆర్‌పీసీలో 107, 110 సెక్షన్లు, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 126, 129), పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో అడ్డం. మరీ ముదిరితే 1986 నాటి పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం కింద ఏడాది దాకా నిర్బంధించొచ్చు. 2024 జులై నుంచి కొత్త న్యాయసంహిత వచ్చింది, అందులో 111 సెక్షన్ వ్యవస్థీకృత నేరాలది. పదేళ్ళలో ఒకటికి మించి ఛార్జిషీట్లున్న ముఠా కార్యకలాపాలకి వర్తిస్తుంది, సభ్యుడైతే చాలు కనీసం అయిదేళ్ళు, అయిదు లక్షల జరిమానా. అంతకన్నా చిన్నవాటికి 112, గ్యాంగుగా చేసే దొంగతనాలు, గొలుసులు లాగడం, బెట్టింగు, పరీక్షపేపర్లు అమ్మడం అందులోకొస్తాయి, ఏడాది నుంచి ఏడేళ్ళు. "అన్న పక్కన నిలబడ్డానంతే సార్" అనేది వాదనగా ఎప్పుడూ బలహీనమే, ఇప్పుడు ఇంకా బలహీనం.

ఇంకోటి, ఎవరైనా "ఈ బ్యాగు రాజమండ్రి దాకా దింపేసి రా" అంటే అది గంజాయి అనుకోమని చెప్పండి వాడికి. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్ళు, బెయిలు దాదాపు రాదు. బ్యాగు ఇచ్చినవాణ్ణి పట్టుకోవడం కష్టం, మోసినవాడు మాత్రం అక్కడే ఉంటాడు.

లంక మేష్టారు:

లాయరు గారు చెప్పిన షీటు సంగతికి జపాన్లో ఒక తమాషా ఉంది. యాకూజా అనే అక్కడి ముఠాల సభ్యుల సంఖ్య 1960ల మొదట్లో లక్షా ఎనభై వేల దాకా ఉండేది, ఇప్పుడు ఇరవై వేల లోపు. చంపి తగ్గించలేదు. 1992 నుంచి ఒక చట్టం, 2011 కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ స్థానిక నిబంధనలు తెచ్చి, వాళ్ళతో ఎవరు వ్యాపారం చేసినా తప్పే అన్నారు. బ్యాంకు ఖాతా లేదు, అద్దె ఇల్లు లేదు, సెల్ కనెక్షన్ లేదు. ముసలివాళ్ళు మిగిలారు, కుర్రాళ్ళు చేరడం మానేశారు. అయితే బయటికొచ్చినవాణ్ణి కూడా అయిదేళ్ళ దాకా యాకూజాగానే చూస్తారు. ఉద్యోగమిచ్చినా జీతం వెయ్యడానికి ఖాతా ఉండదు. దాంతో కొంతమంది పేరూ జెండా లేని చిల్లర మోసాల్లోకి దిగారు, వాళ్ళని పట్టుకోవడం పోలీసులకి ఇంకా కష్టమైంది.

కాలవగట్టు:

అందరికీ చాలా థాంక్సండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. నిన్న రాత్రి వాడితో మాట్లాడాను, గట్టు మీద కూర్చుని, తిట్టకుండా. కేసులేమీ లేవట ఇంకా. ఆర్సీ వాడి పేరునే ఉంది, ఈఎంఐ మాత్రం మొదటి మూడు నెలలు అన్న కట్టాడట, ఇప్పుడు "నువ్వే సర్దుకో" అంటున్నాడట. ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం కూడా పెట్టాడు, ఎంతకో తెలీదంటాడు. మాటల్లో ఇంకొకటి బయటపడింది: వాడి పేరున టౌన్లో కొత్త బ్యాంకు ఖాతా తెరిపించారు, ఏటీఎం కార్డు, ఆ నంబరు సిమ్ము రెండూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, దానికి నెలకి కొంత ఇస్తారట. ఇది ట్యాక్స్ తప్పించుకోడానికేనేమో అనుకున్నాను, పెద్ద విషయం కాదు కదా?

కౌంటర్ నంబర్ 3:

బాబూ, పెద్ద విషయమే. నోటూ బండీ తర్వాత చూసుకోండి, ముందు దీని సంగతి చూడండి. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఒకే రోజు నలుగురు కుర్రాళ్ళు వస్తారు, నలుగురివీ కొత్త సిమ్ములే, ఏం చేస్తారమ్మా అంటే నలుగురూ ఆన్‌లైన్ బిజినెస్ అంటారు, బయట బండి మీద ఒకతను కూర్చుని ఉంటాడు. పాస్‌బుక్కు కిట్లు వీళ్ళ చేతిలోంచి అతని సంచీలోకి వెళ్ళిపోవడం మా గాజు తలుపులోంచి కనిపిస్తుంది. అడిగితే "మా అన్నయ్య మేడమ్" అంటారు. నలుగురికీ ఒకే అన్నయ్య.

ఈ ఖాతాల్లోకి వచ్చేది డిజిటల్ అరెస్ట్ (పోలీసులమని ఫోన్లో బెదిరించడం) అనీ షేర్లనీ మోసపోయినవాళ్ళ డబ్బు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక రిటైరైన ఆయన పోగొట్టుకున్నది ముందు ఇక్కడికొచ్చి, నిమిషాల్లో ముక్కలై పదిచోట్లకి పోతుంది. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చెయ్యగానే మొట్టమొదట స్తంభించేది మీవాడి ఖాతా, మొట్టమొదట వెతుక్కుంటూ వచ్చేది మీవాడి ఆధార్ అడ్రసుకి. ఆ మోసపు ఫోన్లు చేసేవాళ్ళలో చాలామంది కూడా ఇష్టమై చేసేవాళ్ళు కాదు. ఉద్యోగాలని కాంబోడియా, మయన్మార్ తీసుకెళ్ళి పాస్‌పోర్టులు లాక్కుని కూర్చోబెట్టిన పిల్లలు. 2023లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవై వేలమంది, కాంబోడియాలో లక్షమంది దాకా అలా చిక్కుకుని ఉండొచ్చని లెక్కవేసింది. 2024లో విశాఖ పోలీసులు ఏజెంట్లని పట్టుకున్నప్పుడు మనవైపు కుటుంబాలకి కూడా తెలిసొచ్చింది. మీ టౌన్ అన్నకి ఆ కాంబోడియా ఎక్కడుందో కూడా తెలియకపోవచ్చు, ఖాతాకింత అని తీసుకుని పైవాడికి ఇస్తాడు, అంతే.

అబ్బాయిని వెంటపెట్టుకుని రేపు పొద్దున్నే బ్రాంచికి వెళ్ళి కార్డు బ్లాక్ చేయించండి, నంబరు మార్పించండి, స్టేట్‌మెంట్ తీసుకోండి.

నల్లకోటు:

మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఒక్కటి కలుపుతాను, బ్రాంచికి ఇచ్చే కాయితం రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. స్టేట్‌మెంట్‌లో తెలియని మొత్తాలు కనపడితే ఆ డబ్బు ముట్టుకోవద్దు, వెనక్కి పంపే ప్రయత్నం కూడా వద్దు, నేరుగా సైబర్ పోలీసుల దగ్గరకి వెళ్ళండి, వెంట ఒక లాయరు ఉంటే మంచిది. వాళ్ళు వచ్చేలోపు మనం వెళ్ళడానికీ, వాళ్ళొచ్చి పట్టుకెళ్ళడానికీ ఫైల్లో చాలా తేడా ఉంటుంది. ఆ డబ్బులు వచ్చినట్టు వాడి ఫోన్లో ఉన్న మెసేజులు, వాట్సాప్ మాటలు ఏవీ తుడిచెయ్యనివ్వకండి.

పాత కలెక్షన్:

మీ తమ్ముడి స్థాయిలో వాడు మానేస్తే ఎవరూ వెంటపడి నరకరండీ, ఇంకొకడు వస్తాడు, వాళ్ళకి కుర్రాళ్ళ కరువు లేదు. పట్టుకునేది నోటే. అన్న దగ్గరకి వాడు ఒంటరిగా వెళ్ళకూడదు, మీ బాబాయి కోపంగా అస్సలు వెళ్ళకూడదు. ఆ అన్నకి మొహమాటం ఉన్న పెద్దమనిషి ఒకాయన ఎవరో ఉంటారు, రొయ్యల మేత షాపాయనో రైస్‌మిల్లాయనో, ఆయన్ని తీసుకెళ్ళండి. "కుర్రాడు హైదరాబాదు పనికి వెళ్తున్నాడు, లెక్క తేల్చేద్దాం" అనండి, తప్పొప్పులు మాట్లాడకండి. కార్డు ఆపించారని అప్పటికే తెలిసిపోయి ఉంటుంది, అడిగితే "మాకు బ్యాంకులో తెలిసినావిడ చెప్పింది, మీ పేరు కూడా వస్తుందని భయపడి ఆపించాం" అనొచ్చు, అది ఆయనకి అర్థమయ్యే భాషే.

ఆ ఈఎంఐలకి ఎంత పెట్టాడో అంతా, పైన కొంత అడుగుతాడు, బేరం ఆడండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి, నగదు వద్దు. నోటు వెనకాల చెల్లు రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించి, ఆ నోటు అసలుది చేతికి తీసుకుని రండి. "ఎక్కడో పెట్టాం, దొరకగానే పంపిస్తాం" అంటారు, నూటికి తొంభైమంది అంటారు ఈ మాట. అప్పుడు డబ్బు కట్టకుండా టీ తాగి వచ్చెయ్యండి, రెండ్రోజుల్లో దొరుకుతుంది.

కాలవగట్టు:

సరేనండి. రేపు తొమ్మిదిన్నరకి బ్యాంకు. మా పిన్నికి ఇంకా ఏమీ చెప్పలేదు, ఆధార్ జిరాక్స్ కావాలని అడిగి తీసుకున్నాను. నల్లకోటు గారూ, మీకు విడిగా మెసేజ్ పెట్టాను, వీలైతే చూడండి.